ఎవరు ఎవరిని దేవుళ్లనుకున్నారు?

ఈ సాయంత్రం ఒకే ఒక వాక్యాన్ని పట్టుకుని మాట్లాడదలచుకున్నాను. ఒకరి సంగతి ఒకరికి బొత్తిగా తెలియని రెండు జనాలు మొట్టమొదటిసారి ఎదురుపడినప్పటి వృత్తాంతాలు చదువుతుంటే ఆ వాక్యం ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. వాళ్లు మమ్మల్ని దేవుళ్లనుకున్నారు, అన్న వాక్యం. 1492లో కొలంబస్ ఆ మాట రాసుకున్నాడు. 1519లో మెక్సికో చేరిన కోర్టెస్ గురించి తరవాతివాళ్లు రాశారు. 1779లో హవాయిలో ప్రాణం పోగొట్టుకున్న కెప్టెన్ కుక్ గురించీ రాశారు. 1930ల్లో న్యూగినీ కొండల్లో బంగారం వెతుక్కుంటూ తిరిగిన ఆస్ట్రేలియా వాళ్లూ ఇంచుమించు అదే చెప్పారు. సముద్రాలు వేరు, భాషలు వేరు, నడుమ దాదాపు నాలుగున్నర శతాబ్దాల కాలం. మాట మాత్రం మారలేదు. ఇన్ని చోట్ల ఒకే మాట వినబడిందంటే గట్టు మీద నిలబడి చూసినవాళ్ల బుద్ధి లోకమంతటా ఒకే తీరున నడిచి ఉండాలి, లేదా ఓడ దిగి రాసినవాళ్ల అలవాటు ఒకే తీరుగా ఉండి ఉండాలి. మొదటిదే నిజమని మనకు చాలాకాలం చెబుతూ వచ్చారు. రెండోదాన్ని కూడా గట్టిగా పరిశీలించాలని నా మనవి. కొత్తవాళ్లు ఎదురైనప్పుడు ఇరుపక్షాలూ తమకు తెలిసినదాన్ని బట్టి ఏదో ఒక ఊహ చేశాయి. ఇరుపక్షాల ఊహలూ తరచు తప్పాయి. అయితే పుస్తకం రాసినవాళ్ల తప్పు పొరపాటుగా నమోదైంది, రాయనివాళ్ల తప్పు వాళ్ల స్వభావంగా నమోదైంది. నా వాదన అంతా ఇంతే. దీనికి సాక్ష్యం చూపించాలి, దీని మీద వచ్చే అభ్యంతరాలకు జవాబూ చెప్పాలి.

కొలంబస్‌తో మొదలుపెడితే పని తేలికవుతుంది. అతను బహామా దీవుల్లో దిగింది 1492 అక్టోబర్ 12న. అతని సొంత దినచర్య పుస్తకం మనకు దక్కలేదు. బార్తలోమే దె లాస్ కాసాస్ దాన్నుంచి రాసుకున్న సంగ్రహమే మిగిలింది. అందులో అక్టోబర్ 14 నాటి రాతలో ఒక ముసలివాడు పడవలోకి ఎక్కాడనీ, తక్కినవాళ్లు ఆకాశం నుంచి వచ్చినవాళ్లను చూడండి, తిండీ నీళ్లూ తెండి అని కేకలు వేశారనీ ఉంది. తేదీలు గమనించండి. దిగి రెండు రోజులైంది. కొలంబస్ వెంట ఉన్న దుబాసీ లూయిస్ దె తోరెస్‌కు తెలిసినవి హీబ్రూ, కాల్డియన్, కొంత అరబ్బీ. ఆ దీవులవాళ్లకు వాటిలో ఒక్కటీ రాదు. మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో చేతి సైగలతో అడిగి తెలుసుకోవచ్చు. మీరు స్వర్గం నుంచి వచ్చారా అన్న ప్రశ్నను సైగల్లో ఎలా అడుగుతారు, ఎలా అర్థం చేసుకుంటారు? ఆ కేకల్లో తిండి, నీళ్లు అన్నంతవరకు నమ్మవచ్చు, ఎందుకంటే అవి నిజంగానే పడవ దగ్గరకు వచ్చాయి. ఆకాశం సంగతి కొలంబస్ మనసులోంచి వచ్చింది. మరుసటి ఏడాది అచ్చయి యూరప్ అంతా పాకిన అతని ఉత్తరంలో కూడా ఆ మాటే ఉంది.

ఇప్పుడు మనకు దగ్గరి చోటికి వద్దాం. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పంక్తితో సరిపెట్టే సంఘటన ఇది. వాస్కో డ గామా మూడు ఓడలతో కళ్లికోట దగ్గర లంగరు వేసింది 1498 మే 20న. మర్నాడు ఒడ్డుకు ఒక మనిషిని పంపాడు. అతను శిక్షపడ్డ ఖైదీ. ప్రమాదం ఉన్న చోటికి ముందు పంపడానికే అలాంటివాళ్లను వెంట తెచ్చుకునేవారు. కొత్త లోకంలో అడుగుపెట్టాననుకున్న ఆ మనిషికి ఒడ్డున ఎదురైనవాళ్లు ట్యునిస్ నుంచి వచ్చిన ఇద్దరు ముస్లిం వర్తకులు. వాళ్లకు కాస్తీల్ భాష వచ్చు, జెనోవా భాషా వచ్చు. ఇంత దూరం ఏం పనిమీద వచ్చారని తిట్టినట్టుగా అడిగారు. క్రైస్తవుల కోసం, సుగంధ ద్రవ్యాల కోసం అన్నాడు ఇతను. తొలి సంభాషణ అది. దేవుళ్ల ఊసు లేదు. ఒడ్డునున్నవాళ్లకు ఈ వచ్చినవాళ్లెవరో, ఏ దేశంవాళ్లో, ఏం కావాలో మొదటి పూటే తెలిసిపోయింది.

ఎంతమాత్రం తెలియనిది వచ్చినవాళ్లకే. మే 28న గామా పదముగ్గురు మనుషులతో కళ్లికోట రాజు సామూతిరి దర్శనానికి బయల్దేరాడు. దారిలో వాళ్లను ఒక గుడికి తీసుకెళ్లారు. ఆ ఓడల్లో ఉన్న ఒక మనిషి రాసిన దినచర్య మనకు మిగిలింది. రాసినవాడు ఆల్వారో వెల్యో అని చాలామంది అభిప్రాయం. ఆ మనిషి కళ్లు మంచివి. మఠమంత పెద్ద రాతి కట్టడం, పైన పెంకులు. ముఖద్వారం దగ్గర ఓడ తెరచాప కొయ్యంత ఎత్తున కంచు స్తంభం, దాని కొసన కోడిపుంజులా కనిపించే పక్షి. మధ్యలో రాతితో కట్టిన చిన్న గది, ఒక్క మనిషి పట్టేంత కంచు తలుపు, ఎక్కడానికి రాతి మెట్లు. లోపల చిన్న విగ్రహం. ఆ గదిలోకి కొందరికి మాత్రమే ప్రవేశం. వాళ్లు ఎడమ భుజం మీదుగా కుడి చంక కిందికి దారాలు వేసుకున్నారు. గంటలున్నాయి. నీళ్లు చల్లారు, నుదుట పెట్టుకోమని తెల్లటి మట్టి ఇచ్చారు. పక్కన రాతి కట్టడంతో పెద్ద చెరువు. తెలుగు పాఠకుడికి ఇందులో ఒక్క వస్తువుకూ వివరణ అక్కర్లేదు. ధ్వజస్తంభం, గర్భగుడి, జంధ్యం, తీర్థం, విభూతి, కోనేరు. చూసింది చూసినట్టు రాశాడు, ఒక్క వివరమూ తప్పిపోలేదు. కానీ అంతా చూశాక తేల్చింది ఏమిటంటే, ఇది చర్చి. లోపలి విగ్రహం కన్య మేరీ. గామా అక్కడ మోకరిల్లి ప్రార్థన చేశాడు. గోడల మీది బొమ్మలు పునీతులవి. ఆ పునీతులకు పళ్లు నోట్లోంచి అంగుళం మేర బయటికొచ్చి ఉన్నాయనీ, నాలుగైదు చేతులున్నాయనీ కూడా అతనే రాశాడు. అయినా అభిప్రాయం మార్చుకోలేదు.

ఈ పొరపాటు వెనక ఆలోచన లేకపోలేదు. తూర్పున ఎక్కడో ప్రెస్టర్ జాన్ అనే క్రైస్తవ రాజు ఉన్నాడన్న నమ్మకం యూరప్‌లో తరతరాలుగా ఉంది. కేరళలో తోమా సంప్రదాయపు క్రైస్తవులు నిజంగానే ఉన్నారు కాబట్టి ఆ ఆశకు కొంత ఆధారం కూడా ఉంది. తూర్పు ఆఫ్రికా తీరం పొడవునా వాళ్లకు ముస్లింలే కనిపించారు. ముస్లింలు కాని మనుషులు, గుళ్లు కట్టి, గంటలు కొట్టి, విగ్రహాల ముందు తలవంచేవాళ్లు ఎదురయ్యేసరికి, వాళ్ల లెక్కలో ఇక మిగిలింది క్రైస్తవులే. తమకు తెలిసిన రెండు పెట్టెల్లో ఒకటి కాదంటే రెండోదే. తప్పుడు ఊహ, కానీ అర్థమయ్యే ఊహ. దీన్ని దిద్దుకోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది. మూడు నెలలకు పైగా ఆ తీరంలో ఉండి వెళ్లినా ఆ నమ్మకంతోనే వెళ్లారు. దినచర్య చివర తాము విన్న రాజ్యాల పట్టిక చేర్చారు. అందులో సింహళంతో సహా పలు దేశాల రాజులు క్రైస్తవులని ఉంది. 1499లో పోర్చుగల్ రాజు మాన్యుయెల్ స్పెయిన్ రాజదంపతులకు ఉత్తరం రాస్తూ అక్కడి జనం క్రైస్తవులేననీ, ఇంకా విశ్వాసంలో గట్టిపడలేదనీ, గట్టిపడితే ముస్లింలను అణచడానికి పనికొస్తారనీ తెలియజేశాడు. 1500లో పోర్చుగల్ నుంచి కబ్రాల్ నడిపిన ఓడల దళం సామూతిరిని క్రైస్తవ రాజుగానే భావించి బయల్దేరింది. అదే ఏడాది డిసెంబర్‌లో కళ్లికోట మీద ఫిరంగులు పేల్చింది. కబ్రాల్ 1501లో తిరిగి వెళ్లాక గాని లిస్బన్‌లో సంగతి సరిగ్గా తెలియలేదు.

గామా వచ్చిన ఆ రోజుల్లో గట్టు మీదివాళ్లు వచ్చినవాళ్లను ఎలా చూశారు? గామా రాజుగారికి పంపదలచిన కానుకలను సామూతిరి అధికారులకు చూపించారు. చారల గుడ్డలు 12, ఎర్ర టోపీ ముసుగులు 4, టోపీలు 6, పగడాల దండలు 4, చేతులు కడుక్కునే పళ్లేలు 6, ఒక పెట్టె పంచదార, రెండు పీపాల నూనె, రెండు పీపాల తేనె. అధికారులు నవ్వారు. ఇది రాజుకిచ్చే కానుక కాదు, మక్కా నుంచి వచ్చే బీద వర్తకుడు కూడా ఇంతకంటే ఎక్కువ ఇస్తాడు, బంగారం తెండి అన్నారు. ఆ నవ్వును పోర్చుగీసు మనిషే రాసిపెట్టాడు గనక దాన్ని అనుమానించాల్సిన పనిలేదు. ఆ శతాబ్దం చివర్లో మలబారుకే చెందిన జైనుద్దీన్ మఖ్దూం అరబ్బీలో రాసిన చరిత్రలో ఈ రాక గురించి ఉంది. హిజ్రీ 904లో వచ్చారు, మిరియాల దేశం ఆనుపానులు తెలుసుకోవడానికి వచ్చారు, బేరం కుదరకుండానే వెళ్లారు, తరవాత మళ్లీ వచ్చి ఘోరాలు చేశారు. ఆ పుస్తకం నిండా కోపం ఉంది, దుఃఖం ఉంది. విస్మయం మచ్చుకైనా లేదు.

ఇప్పుడు ఒక్కసారి ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు మొదటి రోజే ఎదుటివాళ్ల లెక్క తేల్చారు. ఇంకొకరు పరాయివాళ్ల దేవత ముందు తమ దేవతనుకుని ప్రార్థించి, నెలల తరబడి ఆ నమ్మకంతోనే ఉన్నారు. అయినా పోర్చుగీసువాళ్లది శిశుప్రాయమైన బుద్ధి అని, కొత్తది కనబడగానే మతిపోయే జాతి అని ఏ చరిత్రకారుడూ రాయలేదు. రాయకూడదు కూడా. అది ఒక పొరపాటు, దానికి కారణాలున్నాయి, కొన్నేళ్లకు దిద్దుకున్నారు, అని చెప్పి ఊరుకుంటాం. ఇదే మర్యాద కొలంబస్ చూసిన దీవులవాళ్లకూ, హవాయివాళ్లకూ, మెక్సికోవాళ్లకూ దక్కాలని మాత్రమే నేనడిగేది.

దీనికి మొదటి అభ్యంతరం వెంటనే వస్తుంది. కళ్లికోట మహా రేవు. అరబ్బులు, గుజరాతీలు, చైనావాళ్లు వచ్చిపోయిన చోటు. అక్కడివాళ్లు పరదేశిని చూసి బెదరకపోవడంలో వింత ఏముంది? బయటి మనిషి పొడ తగలని దీవుల్లోనూ కొండల్లోనూ సంగతి వేరు కదా? ఈ అభ్యంతరం బలమైనదే. అందుకే అలాంటి చోటికే వెళదాం. 1769 నవంబర్‌లో కెప్టెన్ కుక్ ఓడ న్యూజిలాండ్‌లో ఇప్పుడు మెర్క్యురీ బే అంటున్న చోట ఆగింది. ఆ రోజు గట్టున ఉన్న మావోరీ పిల్లల్లో తె హొరెటా అనే కుర్రవాడు ఒకడు. పెద్దయ్యాక తెగ పెద్ద అయ్యాడు. ముసలితనంలో అతను చెప్పిన జ్ఞాపకాలను 19వ శతాబ్దంలో రాసుకున్నారు. ఓడ నుంచి చిన్న పడవలు గట్టుకు వస్తుంటే పెద్దలు వాటిని చూసి, వీళ్లు మనుషులు కారు, పిశాచ జాతి, వీళ్లకు వీపు వైపు కళ్లున్నాయి అన్నారట. ఎందుకన్నారో చూడండి. మావోరీలు పడవ నడిపేటప్పుడు వెళ్లే దిక్కుకే ముఖం పెట్టి కూర్చుంటారు. ఇంగ్లీషు నావికులు గట్టు వైపు వీపు పెట్టి తెడ్లు వేస్తూ, తిన్నగా గట్టుకే వచ్చారు. వెనక్కి చూడకుండా వెనక్కి రాగలిగారంటే వెనక కళ్లుండాలి. కంటికి కనిపించినదాన్నుంచి వరసగా కట్టిన అనుమానం అది. ఆడవాళ్లూ పిల్లలూ అడవిలోకి పరుగెత్తారు, యోధులు అక్కడే నిలబడ్డారు. అడవిలోకి వెళ్లినవాళ్లు ఒక్కొక్కరుగా తిరిగి వచ్చారు. ఆ తరవాత వచ్చినవాళ్లకు చేపలు, చిలగడదుంపలు ఇచ్చి చూశారు. అవి తిన్నారు. అయితే వీళ్లు మనం చెప్పుకునే పిశాచాల్లాంటివాళ్లు కాకపోవచ్చు అనుకున్నారు. ఆ భయం ఒక్క నెలైనా నిలవలేదు. గుడిలో నాలుగు చేతుల పునీతులను చూసిన పోర్చుగీసు మనిషి కంటే ఈ పెద్దలు తమ ఊహను త్వరగా పరీక్షకు పెట్టారు, త్వరగా సవరించుకున్నారు.

ఇంకా ఒంటరి చోటు కావాలంటే న్యూగినీ నడిమి కొండలు ఉన్నాయి. తీరంలో ఉన్న తెల్లవాళ్లు ఆ కొండల్లో మనుషులే లేరనుకునేవారు. 1930లో మైకేల్ లేహీ, మైకేల్ డ్వయర్ అనే ఇద్దరు ఆస్ట్రేలియన్లు బంగారం కోసం కొండెక్కినప్పుడు రాత్రిపూట లోయల పొడవునా మంటలు కనిపించాయి. తరవాతి మూడేళ్లలో తేలిందేమిటంటే ఆ లోయల్లో దాదాపు 10 లక్షల మంది పంటలు పండించుకుంటూ బతుకుతున్నారు. ఈ సంఘటనకు ఉన్న అపురూపమైన సంగతి ఏమిటంటే రెండు పక్షాల సాక్ష్యమూ మనకు దక్కింది. లేహీ దినచర్య రాశాడు, ఫోటోలు తీశాడు, సినిమా రీళ్లు తీశాడు. అర్ధశతాబ్దం తరవాత బాబ్ కానలీ, రాబిన్ ఆండర్సన్ అదే లోయలకు వెళ్లి, ఆ రోజులు చూసిన ముసలివాళ్లను వెతికి పట్టుకుని, వాళ్లకు ఆ చిత్రాలు చూపించి, చెప్పిందంతా తీసుకున్నారు. ఫస్ట్ కాంటాక్ట్ అనే డాక్యుమెంటరీ అలా వచ్చింది.

అందులో ఆ ముసలివాళ్లు దాచకుండా చెప్పారు. అవును, మేం వీళ్లను చచ్చిపోయి తిరిగొచ్చిన మా వాళ్లనుకున్నాం. ఎముకలు తెల్లగా ఉంటాయి, వీళ్లూ తెల్లగా ఉన్నారు. చచ్చినవాళ్లు వెళ్లే దిక్కు నుంచే వచ్చారు. తెల్లవాళ్ల వెంట వచ్చిన తీరప్రాంతపు మూటల మోతగాళ్లలో కొందరిని చూసి, పోయిన తమ బంధువులేనని గుర్తుపట్టి ఏడ్చిన వాళ్లున్నారు. ఇక్కడ ఆగిపోతే కొలంబస్ వాక్యం గెలిచినట్టే. కానీ ముసలివాళ్లు అక్కడ ఆగలేదు. ఆ అతిథులు బహిర్భూమికి ఎక్కడికి వెళ్తారో ఒక మనిషి పొంచి ఉండి చూశాడు. వాళ్లు వెళ్లిపోయాక ఆ చోటికి వెళ్లి పరీక్షించాడు. వాళ్ల ఒళ్లు వేరుగా ఉన్నా అది మాత్రం మనలాగే కంపు కొడుతోందని వచ్చి చెప్పాడు. రాత్రులు వాళ్లతో గడిపిన ఆడవాళ్లు, వీళ్లు మగవాళ్లే, మరేం కాదని ఊళ్లో చెప్పారు. దీన్ని మోటు హాస్యంగా తీసుకుని నవ్వుకోవడం నాకు ఇష్టం ఉండదు. మనకు తెలియని జీవి మనలాంటిదా కాదా అని తేల్చుకోవడానికి అంతకంటే నికరమైన పరీక్ష ఇంకేముంటుంది? తిన్నది ఏమవుతుందో చూశారు. ప్రేతానికి ఉండనిది, మనిషికి తప్పనిది ఏదో దాన్ని వెతికారు. ఊహ కట్టి, ఆ ఊహ తప్పైతే ఎక్కడ బయటపడుతుందో అక్కడికే వెళ్లి చూడటం శాస్త్రజ్ఞుడు చేసే పని. అందుచేత ఒంటరితనం మొదటి ఊహ మీద ప్రభావం చూపిన మాట నిజమే. ఆలోచించే తీరును అది మార్చలేదు. లేహీ బృందం తుపాకులతో అనేకమందిని చంపిందని కూడా ఆ ముసలివాళ్లు గుర్తుచేసుకున్నారు. లేహీ దినచర్యలోనూ ఆ కాల్పులున్నాయి.

రెండో అభ్యంతరం దీనికి పూర్తిగా ఎదురు దిక్కు నుంచి వస్తుంది. దీన్ని గట్టిగా చెప్పినవాడు అమెరికా మానవశాస్త్రవేత్త మార్షల్ సాలిన్స్. 1779 జనవరి 17న కుక్ హవాయిలో కెయలకేకువా అఖాతం చేరాడు. అది లోనో దేవుడి ఉత్సవకాలం. ద్వీపాన్ని చుట్టి వచ్చిన తీరు, వచ్చిన సమయం ఆ ఉత్సవంతో కలిసిపోయాయి. పూజారులు అతన్ని గుడికి తీసుకెళ్లి కర్మకాండ జరిపించారు, జనం లోనో అని పిలిచారు. ఫిబ్రవరి 4న వెళ్లిపోయిన ఓడ కొయ్య విరిగి 11న వెనక్కి రావడంతో ఆ వరస తప్పింది. 14న కుక్ హతుడయ్యాడు. శ్రీలంకలో పుట్టిన గణనాథ్ ఒబేశేఖర 1992లో దీన్ని ఖండిస్తూ పుస్తకం రాశాడు. కుక్‌ను దేవుణ్ణి చేసింది హవాయివాళ్లు కాదు, యూరప్‌వాళ్లేనన్నాడు. 1995లో సాలిన్స్ జవాబుగా ఇంకో పుస్తకం రాశాడు. హవాయివాళ్లు మనలాగే లాభనష్టాలు చూసుకునే మనుషులని చెప్పి నువ్వు వాళ్లను గౌరవిస్తున్నాననుకుంటున్నావు, నిజానికి వాళ్ల లోకాన్ని వాళ్లకు లేకుండా చేస్తున్నావు, అన్నది అతని ఆరోపణ. నా వాదనకు కూడా ఆ ఆరోపణ తగులుతుంది. అందరూ ఊహ కట్టి పరీక్షించేవాళ్లేనని చెబుతుంటే నేనూ ప్రపంచమంతటికీ ఒకే బుద్ధిని అంటగట్టడం లేదా?

సాలిన్స్ చూపిన ఆధారాల్లో చాలాభాగం నేను ఒప్పుకుంటాను. కుక్‌ను లోనో అన్నారు, పూజ చేశారు. అతను చనిపోయాక అతని దేహంలో ఒక భాగాన్ని ఓడకు తెచ్చి అప్పగించిన మనుషులు లోనో మళ్లీ ఎప్పుడొస్తాడు, వచ్చి మమ్మల్ని ఏం చేస్తాడు అని అడిగారని అధికారి జేమ్స్ కింగ్ రాశాడు. ఇదంతా జరిగిందే. ప్రశ్న ఒక్కటే. ఒక మనిషిని దేవుడి స్థానంలో నిలబెట్టి పూజించడం, ఆ మనిషి మనిషి కాడని పొరబడటం, ఈ రెండూ ఒకటేనా? ఈ సభలో ఉన్నవాళ్లకు దీని జవాబు పుస్తకాల్లో వెతకాల్సిన పనిలేదు. కన్యాదానం పీటల మీద పెళ్లికొడుకు సాక్షాత్తు లక్ష్మీనారాయణుడు. మామగారు అతని కాళ్లు కడిగి ఆ నీళ్లు తలమీద చల్లుకుంటారు. మంత్రం చదివే పురోహితుడు గాని, బిందె అందించే అత్తగారు గాని అందులో నటించడం లేదు, శ్రద్ధగానే చేస్తారు. ఆ కుర్రవాడి జీతమెంతో, తండ్రి ఎవరో, కట్నం మాటలు ఎక్కడిదాకా వచ్చాయో వాళ్లకు తెలియకా కాదు. ఆ దృశ్యాన్ని భాష తెలియని నావికుడు ఎవరైనా చూసి, ఈ జనం అల్లుళ్లను ఆకాశం నుంచి దిగిన దేవుళ్లనుకుంటారని రాసుకుంటే అతను చూసింది నిజం, రాసింది అబద్ధం అవుతుంది. హవాయి పూజారులు కుక్‌ను ఆ స్థానంలో కూర్చోబెట్టారంటే, దాన్ని వాళ్ల లోకానికి ఉన్న గాంభీర్యంగానే చూస్తాను. ఆ లోకాన్ని కాదనడం లేదు. కుక్ తమ రాజు కలనియోపువును బందీగా ఓడకు తీసుకుపోవడానికి చెయ్యి పట్టుకుని నడిపించినప్పుడు గట్టున ఉన్న యోధులకు ఎదురుగా ఉన్నది ఎవరో స్పష్టంగా తెలుసు. ఒబేశేఖర పూజ జరిగిన సంగతినే తక్కువ చేసి చూశాడు. సాలిన్స్ పూజ నుంచి నమ్మకానికి దూకిన దూకుడులో నడుమ ఉన్న ఖాళీని గమనించలేదు. ఇద్దరిలో ఒకరే సరైనవారు కావాలన్న పట్టుదల ఆ చర్చకు మేలు చేయలేదని నాకు అనిపిస్తుంది.

మూడో అభ్యంతరమే అన్నిటికంటే చిక్కుది. మెక్సికో విషయంలో స్థానికుల సొంత రాతల్లోనే, వాళ్ల సొంత భాషలోనే, మోక్టెజుమా చక్రవర్తి కోర్టెస్‌ను తిరిగొచ్చిన దేవుడు కెత్సాల్‌కోఅత్‌ల్ అనుకుని వణికిపోయాడని ఉంది కదా? సహాగున్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి పర్యవేక్షణలో 1570ల్లో పూర్తయిన ఫ్లోరెంటైన్ కోడెక్స్ పన్నెండో సంపుటం అదే చెబుతుంది. న్యూగినీ ముసలివాళ్లు 50 ఏళ్ల తరవాత చెప్పింది నమ్మి, మెక్సికోవాళ్లు 50 ఏళ్ల తరవాత రాసింది నమ్మకపోవడం ఎంతవరకు న్యాయం? అడగవలసిన ప్రశ్నే ఇది. కాలవ్యవధి ఒక్కటే అయినా ఆ రెండు సాక్ష్యాలూ ఒకటి కావు. న్యూగినీలో మాట్లాడినవాళ్లు స్వయంగా చూసినవాళ్లు. తమ పొరపాటునూ, ఆ పొరపాటు ఎలా తీరిందో కూడా చెప్పారు. వాళ్ల మాటను లేహీ ఆనాడు తీసిన చిత్రాలతో పోల్చి చూడవచ్చు. కోడెక్స్ రాసిన యువకులు 1536లో త్లాతెలోల్కోలో స్థాపించిన ఫ్రాన్సిస్కన్ కళాశాలలో లాటిన్ చదువుకున్నవాళ్లు. మోక్టెజుమా మనసులో ఏముందో చూసినవాళ్లు కారు. అంతటి రాజ్యం మన తాతల చేతుల్లోంచి ఎలా పోయిందన్న ప్రశ్నకు వాళ్లకు జవాబు కావలసి వచ్చింది. ఒక పిరికి రాజు, ఒక దేవుడు, కొన్ని దుశ్శకునాలు, ఇవి ఆ జవాబు. ఈ సంగతిని 2003లో చరిత్రకారిణి కమిలా టౌన్‌సెండ్ ఒక వ్యాసంలో చక్కగా విప్పి చూపింది.

స్వయంగా చూసినవాడి రాత కూడా మనకుంది. కోర్టెస్ 1519 నవంబర్ 8న రాజధాని తెనోచ్‌తిత్లాన్‌లో ప్రవేశించాడు. మరుసటి ఏడాది అక్టోబర్‌లో స్పెయిన్ చక్రవర్తికి పొడవాటి ఉత్తరం రాశాడు. తనను దేవుడనుకున్నారని చెప్పుకోవడానికి అంతకంటే మంచి సందర్భం ఉండదు. చెప్పలేదు. పూర్వం వెళ్లిపోయిన ఒక ప్రభువు వంశంవాళ్లు తిరిగి వస్తారని మోక్టెజుమా అన్నాడని మాత్రం రాశాడు. ఆ రాజ్యం మీద స్పెయిన్ చక్రవర్తి హక్కు చెల్లుబాటయ్యేలా చేయడానికి పనికొచ్చే మాట అది. అదే ఉత్తరంలో ఇంకో సంగతి ఉంది. మోక్టెజుమా తన బట్టలు పైకెత్తి ఒళ్లు చూపించి, నేను దేవుణ్ణని నీకు చెప్పి ఉంటారు, చూడు, నేనూ నీలాగే రక్తమాంసాలున్న మనిషిని అన్నాడట. ఆ గదిలో దైవత్వం గురించి ఎవరికైనా అపోహ తీర్చవలసి వచ్చిందంటే అది తీర్చినవాడు మోక్టెజుమా. స్పెయిన్ ఓడలు తీరం చేరగానే అతను చిత్రకారులను పంపి మనుషులనూ గుర్రాలనూ ఓడలనూ బొమ్మలు గీయించి తెప్పించుకున్నాడు. దేవుడు వచ్చాడని వణికినవాడి లక్షణం కాదది. కెత్సాల్‌కోఅత్‌ల్ కథ 1540ల్లో సన్యాసి మోతోలినియా రాతల్లో కనబడి, 1552లో గోమరా పుస్తకంతో అచ్చులోకి వచ్చింది. గోమరా కోర్టెస్ కొలువులో పనిచేసినవాడు. అమెరికా గడ్డ మీద ఎన్నడూ కాలుపెట్టలేదు.

ఈ కథను నేనింత పట్టుదలగా వద్దంటున్నది పాండిత్యం కోసం కాదు. అది ఉన్నచోట వేరే కారణాలు వెతకాల్సిన అవసరం తీరిపోతుంది. తెనోచ్‌తిత్లాన్ 1521 ఆగస్టు 13న పడింది. అంతకు ముందటి ఏడాది మశూచి నగరాన్ని ఊడ్చేసింది, మోక్టెజుమా తరవాత సింహాసనమెక్కిన క్విత్లావాక్ ఆ జబ్బుతోనే పోయాడు. ముట్టడి చేసిన సైన్యంలో స్పెయిన్ మనుషులు వెయ్యి లోపే. వాళ్ల వెంట వేలవేలుగా నిలిచినవాళ్లు త్లష్కాలా తదితర నగరాల సైనికులు. ఈ త్లష్కాలావాళ్లే 1519 సెప్టెంబర్‌లో కోర్టెస్‌తో పలుమార్లు యుద్ధం చేశారు. గుర్రాలు చచ్చాయి, మనుషులు గాయపడ్డారు, రెండు పక్షాలూ ఎదుటివాడి బలం తూచుకున్నాయి. తమ చిరకాల శత్రువు మోక్టెజుమాను దెబ్బతీయడానికి వీళ్లు పనికొస్తారని లెక్కవేసుకున్నాకే సంధి చేసుకున్నారు. ఆ లెక్క కొంత ఫలించింది, చాలావరకు వికటించింది. కానీ అది లెక్క. దేవుళ్ల కథ నమ్మితే ఈ మనుషులు చరిత్రలోంచి మాయమవుతారు, వాళ్ల తప్పులూ తెలివీ కూడా వాళ్లతోపాటే మాయమవుతాయి. గోమరా పుస్తకం అచ్చయిన 1552లోనే త్లష్కాలా నగర సభ కూర్చుని, కోర్టెస్ రాకను, తాము చేసిన యుద్ధాలను చిత్రంగా వేయించి స్పెయిన్ చక్రవర్తికి సమర్పించాలని తీర్మానించింది. ఆ సంప్రదాయంలో వచ్చిన చిత్రపటంలో కోర్టెస్ కుర్చీలో కూర్చుని ఉంటాడు, ఎదురుగా త్లష్కాలా ప్రభువులు ఉంటారు, మధ్యలో దుబాసీ మలించిన్ నిలబడి ఉంటుంది. తరవాతి గళ్లలో రెండు సైన్యాలూ పక్కపక్కనే నడుస్తాయి. మేం నీకు గెలిచి పెట్టాం, మాకు రావలసిన హక్కులు ఇవ్వు అని అడగడానికి వేయించుకున్న చిత్రాలవి.